పిల్లలకు లెక్కలు రాకపోవడానికి కారణం నమ్మకం లేకపోవడమా, మనం చెప్పే తీరా?

ఎనిమిదో తరగతి టీచర్:

మా క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. మొన్న భిన్నాల కూడిక ఇచ్చాను, 1/2 + 1/3. బెంచీల మధ్య తిరుగుతూ వాడి దగ్గర ఆగగానే అరచేత్తో నోటుబుక్కు కప్పేశాడు. చెయ్యి తీయమంటే తీశాడు. 2/5 అని ఉంది. కానీ దాని కింద రబ్బరుతో చెరిపిన మరకలున్నాయి. వెలుతురుకి పట్టి చూస్తే 3/6 + 2/6 = 5/6 అని లీలగా కనిపించింది. ముందు సరిగ్గానే చేశాడు, చెరిపేసి తప్పు రాసుకున్నాడు. ఎందుకు చెరిపావురా అంటే, “నాకు వచ్చిందంటే అది తప్పే అయ్యుంటుంది టీచర్” అన్నాడు.

ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. స్టాఫ్ రూములో చెబితే ఇద్దరు రెండు రకాలుగా అన్నారు. పాఠం గట్టిగా చెప్తే ధైర్యం దానంతటదే వస్తుందని ఒకరు, ముందు భయం పోగొట్టకపోతే ఎంత చెప్పినా బుర్రకెక్కదని ఇంకొకరు. మీరేమంటారు? క్లాసులో, ఇంట్లో చూసింది చెప్పండి.

పాత లెక్కల మాస్టారు:

టీచర్ గారూ, ఆ అబ్బాయికి నమ్మకం లేదని మీరంటున్నారు. వాడికి లేనిది సరిచూసుకునే అలవాటు అంటాను నేను. 2/5 అంటే సగం కన్నా తక్కువ. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తక్కువ ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం వాడికి ఎవరైనా నేర్పి ఉంటే, 5/6 చెరిపేవాడే కాదు. హారాలు సమానం చెయ్యడం నేర్పాం, క.సా.గు. నేర్పాం. జవాబు సబబుగా ఉందో లేదో చూసుకోవడం మాత్రం నేర్పలేదు. అందుకే తప్పో ఒప్పో తెలియాలంటే వాడు మీ మొహం చూడాల్సి వస్తోంది.

లెక్క వచ్చిన పిల్లాడికి నమ్మకం వెనకే వస్తుంది. రాని పిల్లాడిని “నువ్వు చెయ్యగలవు” అని వీపు తడితే, తర్వాతి పరీక్షలో వాడు కిందపడేది ఇంకా ఎత్తు నుంచి. ఇన్నేళ్లలో అలా పడ్డవాళ్లను చాలామందిని చూశాను. నా దృష్టిలో పద్ధతే ముందు. ముందు చేసి చూపించాలి, తర్వాత అలాంటిదే చేయించాలి. ఆస్ట్రేలియాలో స్వెల్లర్, కూపర్ 1985లో బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో తేలింది కూడా ఇదే. అన్నీ సొంతంగా చేసుకున్న పిల్లల కన్నా, చేసి చూపిన లెక్క ఒకటి చదివి అలాంటిది ఇంకొకటి చేసినవాళ్లు తక్కువ టైములో, తక్కువ తప్పులతో చేశారు.

ఇద్దరు పిల్లల తల్లి:

మాస్టారూ, మీరు చెప్పింది వింటుంటే నిజమే అనిపిస్తుంది. కానీ మా పెద్దమ్మాయి సంగతి వేరు. ఇంట్లో సరిచూసుకుంటుంది కూడా. సమీకరణం చేసి, వచ్చిన x విలువను వెనక్కి పెట్టి చూసుకుంటుంది. అదే లెక్క టైమ్ పెట్టి ఇస్తే చెయ్యి వణుకుతుంది. మొన్న పరీక్షలో 17 నుంచి 9 తీసేసి 6 అని రాసింది. ఇంటికొచ్చాక చూసుకుని ఏడ్చింది. పద్ధతి రాకపోతే ఇంట్లో ఎలా చేస్తోంది?

పరిశోధనలు చదివే పాఠకుడు:

అమ్మా, మీరు చెప్పినదాన్ని 2001లో యాష్‌క్రాఫ్ట్, కర్క్ పరీక్షించి చూశారు. మనసులో లెక్క చెయ్యాలంటే కొన్ని అంకెలు తలలో పట్టి ఉంచుకోవాలి. దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు, అందులో పట్టేది కొంచెమే. లెక్కలంటే భయపడేవాళ్లలో ఆ కొంచెం చోటునూ కంగారే ఆక్రమిస్తుంది. కొన్ని అక్షరాలు గుర్తుంచుకోమని చెప్పి కూడికలు ఇస్తే, భయం ఉన్నవాళ్ల తప్పులు బాగా పెరిగాయి. ముఖ్యంగా మిగులు పట్టుకెళ్లాల్సిన కూడికల్లో పెరిగాయి. అంటే మీ అమ్మాయికి తీసివేత రాక కాదు, ఆ క్షణంలో తీసివేతకు తలలో చోటు దొరకలేదు.

ఇలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. పలు దేశాల పిల్లల చదువును పోల్చే 2012 పీసా సర్వేలో, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమిలోని 15 ఏళ్ల పిల్లల్లో 60 శాతానికి దగ్గరగా, లెక్కల క్లాసు కష్టంగా ఉంటుందేమోనని తరచూ దిగులుపడతామన్నారు. లెక్క చేస్తున్నప్పుడు నిస్సహాయంగా అనిపిస్తుందన్నవాళ్లు 30 శాతం.

ఇక మాస్టారితో సగం ఏకీభవిస్తాను. మనస్తత్వవేత్త బండూరా 1977లో ‘నేను ఈ పని చెయ్యగలను’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో నాలుగు దారులు చెప్పాడు. తను చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాడు చేయగా చూడటం, ఇతరులు చెప్పే మాట, ఒంట్లో కలిగే కంగారూ నెమ్మదీ. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. ఉత్త పొగడ్తకు బలం తక్కువని మాస్టారు అన్నది అందుకే నిజం. కానీ ఆ అబ్బాయి విషయంలో చూడండి, గెలిచిన అనుభవం వాడి చేతిలోనే ఉంది, 5/6. దాన్ని గెలుపుగా లెక్క వేసుకోలేదు. అక్కడ పద్ధతి ఒక్కటే సరిపోదు.

పాత లెక్కల మాస్టారు:

ఒక ప్రశ్న. నమ్మకమే అంత ముఖ్యమైతే జపాన్, కొరియా పిల్లల సంగతేమిటి? అంతర్జాతీయ పరీక్షల్లో ఎప్పుడూ పైన వాళ్లే ఉంటారు. ‘లెక్కలు నాకు బాగా వచ్చు’ అని చెప్పడంలో మాత్రం చాలా దేశాల కన్నా కింద ఉంటారు.

పరిశోధనలు చదివే పాఠకుడు:

అది నిజమే, లెక్కలు, సైన్సుల్లో దేశాలను పోల్చే టిమ్స్ అనే పరీక్ష ఫలితాల్లో ఏళ్లుగా కనిపిస్తోంది. అయితే అది దేశాన్ని దేశంతో పోల్చినప్పుడు. అదే జపాన్ లోపల పిల్లాణ్ణి పిల్లాడితో పోలిస్తే, నమ్మకం ఎక్కువున్నవాడికే మార్కులూ ఎక్కువ. పిల్లాడు తనను తాను కొలుచుకునేది ప్రపంచంతో కాదు, పక్క బెంచీతో.

ఇంజినీరింగ్ విద్యార్థి:

ఆ ‘పక్క బెంచీ’ మాట దగ్గర ఆగిపోయాను. నా కథ అదే. పదో తరగతి దాకా లెక్కల్లో క్లాసుకి ఫస్ట్. తర్వాత ఎంట్రన్సు రాసి ఏరికోరి తీసుకునే చోట చేరాను. అక్కడందరూ వాళ్ల వాళ్ల క్లాసుల్లో ఫస్టే. మూడు నెలల్లో నాకు లెక్కలు రావని తీర్మానించుకున్నాను. నిజానికి నేర్చుకున్నది పెరిగింది, అంతకుముందు చూడని లెక్కలు చేస్తున్నాను. కానీ ర్యాంకు 1 నుంచి 43కి పడింది. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, నేను మహావృక్షాల మధ్యకి వెళ్లిన ఆముదం చెట్టుని. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980ల నుంచి దీని మీద రాస్తూ వచ్చాడని తర్వాత తెలిసింది. ఒకే స్థాయి ఉన్న ఇద్దరు పిల్లల్లో, చురుకైనవాళ్ల మధ్య కూర్చున్నవాడికి తన మీద నమ్మకం తక్కువగా ఉంటుందట.

నాకు లెక్క చెప్పే తీరు అక్కడ బాగానే ఉండేది. దెబ్బతీసింది వారం వారం గోడ మీద అంటించిన ర్యాంకుల కాగితం. అది కూడా బోధనా పద్ధతి కిందికే వస్తుందని నా అభిప్రాయం. బోర్డు మీద రాసేదే పద్ధతి అనుకుంటున్నాం, పేపర్లు ఎలా తిరిగిచ్చాం, ఎవరిని లేపి అడిగాం, ఎంతసేపు ఆగాం అన్నవి కూడా పద్ధతే.

ఇంకో మాట. మాస్టారు చెప్పినట్టు అన్నీ ముందే చేసి చూపిస్తే ఆలోచించడం ఎప్పుడు నేర్చుకుంటాం? నాకు బాగా గుర్తున్న పాఠాలన్నీ ముందు నేను తంటాలు పడి, ఓడిపోయి, తర్వాత విన్నవే.

పాత లెక్కల మాస్టారు:

బాబూ, నువ్వు తంటాలు పడగలిగావంటే అప్పటికే నీ దగ్గర సరుకు ఉంది. మను కపూర్ సింగపూర్‌లో చేసిన పరిశోధనలు నేనూ చదివాను. ముందు పిల్లలే ప్రయత్నించి విఫలమై, తర్వాత మాస్టారు వివరిస్తే అవగాహన లోతుగా వచ్చిందన్నాడు. కాదనను. కానీ అక్కడ కూడా చివరికి మాస్టారు వచ్చి వివరించాడు, పిల్లల్ని వాళ్ల మానాన వదిలెయ్యలేదు. భిన్నాలే రానివాడిని ముందు నువ్వే కనుక్కో అంటే వాడికి మిగిలేది ఇంకో ఓటమి. ‘నాకు రాదు’ అనడానికి ఇంకో సాక్ష్యం. నువ్వు ఓడితే లెక్క కష్టమైంది అనుకుంటావు, ఆ అబ్బాయి ఓడితే నేను పనికిరాను అనుకుంటాడు.

ఇది రాశాక నాకే అనిపించింది, నేనిప్పుడు నమ్మకం గురించే మాట్లాడాను. సరే, ఒప్పుకుంటున్నాను. ఎవరికి ఏ పద్ధతి అన్నది తేల్చేటప్పుడు నమ్మకం లెక్కలోకి వస్తుంది.

అయితే ‘మెదడు పెరుగుతుంది, కష్టపడితే చాలు’ అని పోస్టర్లు అంటించే ధోరణిని మాత్రం ఒప్పుకోను. తెలివి పెరుగుతుందని పిల్లలకు నేర్పి చూసిన ప్రయోగాలన్నీ కలిపి 2018లో లెక్కకట్టినవాళ్లు, మార్కుల మీద ప్రభావం చాలా స్వల్పమని తేల్చారు.

పరిశోధనలు చదివే పాఠకుడు:

స్వల్పమే. 2019లో అమెరికాలో తొమ్మిదో తరగతి పిల్లలు దాదాపు 12,000 మందితో పెద్ద ఎత్తున చేసి చూశారు. తెలివి పెరుగుతుందని చెప్పే ఆన్‌లైన్ పాఠం గంట లోపు ఇస్తే, వెనకబడ్డ పిల్లల సగటు గ్రేడు (మొత్తం 4 పాయింట్లకి) 0.1 పాయింటు పెరిగింది. గంట ఖర్చుకి అది తక్కువేం కాదంటాను. కానీ అసలు విషయం ఆ సమాచారాన్నే మళ్లీ పరిశీలించినప్పుడు బయటపడింది. లెక్కల టీచరుకు కూడా ‘పిల్లల తెలివి పెరుగుతుంది’ అన్న నమ్మకం ఉన్న క్లాసుల్లోనే లెక్కల గ్రేడు పెరిగింది. టీచరుకు లేని చోట పిల్లాడిలో నాటిన విత్తనం మొలకెత్తలేదు. టీచరు నమ్మకం క్లాసులో కనిపించేది పోస్టర్లలో కాదు, తప్పు చేసిన పిల్లాడికి రెండో అవకాశం ఇచ్చాడా లేదా అన్నదానిలో.

ఇద్దరు పిల్లల తల్లి:

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పాలి. పెద్దమ్మాయి ఏడ్చిన రోజు ఓదార్పుగా, “పోనీలే, నాకూ లెక్కలు రావు, మన ఇంట్లో ఎవరికీ రావు” అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఇప్పుడు ఇదంతా చదువుతుంటే గుండె కలుక్కుమంది. దాని చేతిలో ఉన్న ఆ కాస్త ఆశనూ నేనే లాక్కున్నట్టయింది.

పరిశోధనలు చదివే పాఠకుడు:

బాధపడకండమ్మా, చాలామంది అనే మాటే అది. అయితే 2015లో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనం ఉంది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో ఎక్కువగా సాయం చేసినప్పుడు, ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ నేర్చుకున్నారు, వాళ్ల భయమూ పెరిగింది. తక్కువ సాయం చేసిన ఇళ్లలో ఈ తేడా కనిపించలేదు. మీరు లెక్క చెప్పాల్సిన పనిలేదు. “ఇది ఎలా చేశావో నాకు చెప్పవా” అని అడిగి వినండి చాలు.

ఎనిమిదో తరగతి టీచర్:

మీరందరూ రాసినవి రెండుసార్లు చదివాను. నేను రెండుగా విడదీసి అడిగిన ప్రశ్నే తప్పేమో. మాస్టారు చెప్పిన ‘సగం’ ప్రశ్న రేపే మొదలుపెడతాను. లెక్క మొదలుపెట్టే ముందే, జవాబు సగం కన్నా ఎక్కువ వస్తుందా, ఒకటి కన్నా ఎక్కువ వస్తుందా అని పక్కన రాయిస్తాను. చేసి చూపిన లెక్కలో ఆఖరి మెట్టు మాత్రం వదిలేసి ఇస్తాను. అది కుదిరితే తర్వాత రెండు మెట్లు వదులుతాను.

పనిని ముక్కలు చెయ్యడం గురించి నేను చదివిందొకటి చెప్తాను. బండూరా, షంక్ 1981లో తీసివేతలు రాని చిన్న పిల్లలకు 42 పేజీల అభ్యాసం ఇచ్చారు. కొందరికి రోజుకి కనీసం 6 పేజీలు అన్నారు. కొందరికి ఏడు రోజుల చివరికి 42 పేజీలూ అన్నారు. పని ఒక్కటే, కానీ రోజుకి ఆరు అన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు, తమ మీద నమ్మకమూ, లెక్కల మీద ఇష్టమూ వాళ్లకే పెరిగాయి. నేనేమో పాఠం మొత్తం లెక్కలు ఒకేసారి ఇచ్చి శనివారానికి తెమ్మంటున్నాను.

రబ్బరు కూడా మాన్పిస్తాను. తప్పనిపిస్తే ఒక గీత గీసి, పక్కన ఎందుకో రాయాలి.

పాత లెక్కల మాస్టారు:

రబ్బరు విషయం బాగుంది. నాకు తట్టలేదు. టైమ్ పెట్టడం మాత్రం పూర్తిగా మానకండి. ఎక్కాలు, చిన్న కూడికలు చటుక్కున రాకపోతే, ఇందాక చెప్పిన తలలో చోటు వాటికే సరిపోతుంది. కాకపోతే గడియారం పెట్టేది బాగా వచ్చాక, పోటీ నిన్నటి తనతోనే ఉండాలి.

ఇద్దరు పిల్లల తల్లి:

టైమ్ విషయంలో నేనింకా ఒప్పుకోలేను మాస్టారూ. మా అమ్మాయికి బాగా వచ్చాకే పెట్టారు.

ఎనిమిదో తరగతి టీచర్ (మూడు వారాల తర్వాత):

మార్కులు పెద్దగా మారలేదు, ముందే చెప్తున్నాను. ఆ అబ్బాయికి 25కి 7 వచ్చేవి, ఈసారి 9 వచ్చాయి. ఇదివరకు ఐదు లెక్కలు ఖాళీగా వదిలేవాడు, ఇప్పుడు రెండే వదిలాడు.

నిన్న 3/4 + 1/6 ఇచ్చాను. వాడి దగ్గర ఆగాను. చెయ్యి అడ్డం పెట్టలేదు. 4/10 అని రాసి, దాని మీద గీత గీసి ఉంది. కింద 9/12 + 2/12 = 11/12. అది ఎందుకు కొట్టేశావని అడిగాను, మామూలుగానే. తలెత్తకుండా, రాసుకుంటూనే, “ముప్పావుకి కలిపితే సగం కూడా రాలేదు టీచర్” అన్నాడు.

పాత లెక్కల మాస్టారు:

ఖాళీగా వదిలిన ఆ రెండూ ఏ లెక్కలో రాయండి టీచర్ గారూ. భిన్నాల భాగహారం అయి ఉంటుందని నా అనుమానం. తలకిందులు చేసి గుణించమని చెప్పి వదిలేస్తాం కదా, ఎందుకో చెప్పం. ‘మూడింట్లో అరలు ఎన్ని’ అని అడిగి మొదలుపెట్టండి, కాగితం మడిచి చూపించొచ్చు.