లేసీ చట్టం సవరణ: పాములు పెంచే ప్రతి ఒక్కరూ ఈ వారమే సెనేటర్‌కి ఫోన్ చేయండి

పైథాన్_రఘు (ఫిబ్రవరి 6, 2022)

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం, 4వ తేదీన, ప్రతినిధుల సభలో అమెరికా కాంపిటీస్ బిల్లు 222–210తో గట్టెక్కింది. చిప్‌ల తయారీ, చైనాతో పోటీ అని టీవీలో చెప్తున్నదే. అన్ని వేల పేజీల మధ్య 71102వ సెక్షన్‌లో లేసీ చట్టానికి, అంటే వన్యప్రాణుల దిగుమతి, రవాణాల మీద ఉన్న అమెరికా చట్టానికి, సవరణలు దూర్చారు. పాములకీ చిప్‌లకీ ఏం సంబంధమో ఎవరూ చెప్పలేదు.

అందులో మనకి తగిలేవి మూడు. ఒకటి, ‘హానికర జాతుల’ జాబితాలో ఉన్న జంతువుని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్తే నేరం. 2017లో కోర్టు కొట్టేసిందే, మళ్లీ తెస్తున్నారు. రెండోది తెల్ల జాబితా. ఇన్నాళ్లూ ఒక జాతి హానికరమని ప్రభుత్వం తేల్చాకే నిషేధించేది. ఇకమీదట అలా కాదు. గడిచిన ఏడాదిలో ‘నామమాత్రం కంటే ఎక్కువగా’ దిగుమతి కాని జాతి ఏదైనా సరే, ప్రమాదం లేదని తేలేదాకా రానివ్వరు. నామమాత్రం అంటే పదా, వందా? అది ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, అంటే కేంద్ర వన్యప్రాణుల శాఖ, తర్వాత చెప్తుందట. మూడోది, అత్యవసరం అనుకుంటే మనల్ని అడక్కుండానే ఏ జాతినైనా మూడేళ్ల దాకా జాబితాలో పెట్టేయొచ్చు.

సెనేట్ 2021 జూన్‌లో పాస్ చేసిన బిల్లులో ఈ సవరణలు లేవు. ఇప్పుడు రెండు సభలూ కూర్చుని రెండు బిల్లుల్నీ ఒకటి చేయాలి. తీయించగలిగితే అక్కడే తీయించాలి. అందుకే సెనేటర్లకి ఫోన్ చేయమంటున్నా. మీ జిప్ కోడ్ చెప్పండి, బిల్లు నంబర్ హెచ్.ఆర్. 4521 చెప్పండి, 71102 తీసేయమనండి. ఒక్క నిమిషం పని. ఊరుకుంటే రేపు మీ పాముల్ని మీ ఇంట్లోంచే పట్టుకుపోతారు.

గెకో_బాబు

ఇద్దరు సెనేటర్లకీ చేశా. ఒకచోట వాయిస్ మెయిల్ నిండిపోయింది.

లలిత_రెస్క్యూ

రఘు గారూ, ఆఖరి వాక్యం తీసేయండి. ఈ బిల్లులో ఎవరింట్లోంచి ఏ పామునీ పట్టుకుపోయే మాట లేదు. హానికర జాబితాలో ఉన్న జాతిని కూడా మీ రాష్ట్రం ఒప్పుకుంటే మీ ఇంట్లో ఉంచుకోవచ్చు. నిషేధం దిగుమతి మీద, రాష్ట్రం దాటించడం మీద. ఇక్కడ సగం మంది దగ్గరున్నవి బాల్ పైథాన్‌లు. అవి ఘనా, టోగో, బెనిన్‌ల నుంచి ఏటా పెట్టెలకొద్దీ దిగుతూనే ఉన్నాయి. వాటికి నామమాత్రం సమస్యే రాదు. జాబితాలో కూడా లేవు. సూటిగా అడుగుతున్నా: ఈ బిల్లు వల్ల బాల్ పైథాన్ నిషేధమవుతుందా, అవదా?

పైథాన్_రఘు

ఇవాళ అవదు. మూడోది మళ్లీ చదవండి. అడక్కుండా పెట్టే అధికారం ఉన్నప్పుడు బాల్ పైథాన్‌ని పెట్టరని మీకు ఎవరు చెప్పారు? అప్పుడు పక్క రాష్ట్రంలో ఉన్న వెట్ (పశువైద్యుడి) దగ్గరికి తీసుకెళ్లినా ఆరు నెలల జైలుకి తగ్గ నేరం. పాముల్ని చూసే వెట్ ప్రతి ఊళ్లో ఉండడు. నేను గంటన్నర డ్రైవ్ చేస్తా, మధ్యలో సరిహద్దు దాటతా.

లలిత_రెస్క్యూ

అంటే “అవదు” అన్నమాట. మరి “పట్టుకుపోతారు” అని ఎందుకు రాశారు? రేపు ఈ మాట పట్టుకుని ఎవరో ఫోన్ చేస్తారు. అక్కడి ఉద్యోగి సెక్షన్ తెరిచి చూస్తాడు. ఆ మాట అందులో లేదు. ఆ తర్వాత వచ్చే ఫోన్లన్నీ అబద్ధాల లెక్కలోకే పోతాయి.

కుబుసం_వాసు

ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది. నేను ఫోన్ చేస్తా.

చిత్తడినేల

నేను ఫ్లోరిడాలో వన్యప్రాణుల మీద చదువుతున్నాను. నాకు పాములంటే ప్రాణం, ఈ రంగంలోకి వచ్చిందే అందుకు. కానీ ఇక్కడ ఒక్కరూ ఎవర్‌గ్లేడ్స్ ఊసెత్తట్లేదు, బర్మీస్ పైథాన్‌లు పాతుకుపోయిన మా ఫ్లోరిడా చిత్తడినేలల ఊసు. 2012లో వచ్చిన అధ్యయనంలో రోడ్డు మీద కనిపించే రకూన్‌లు 99.3 శాతం, ఒపాసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్‌లు 87.5 శాతం తగ్గిపోయాయి. కుందేళ్లు అసలు కనిపించలేదు. అవి వేరే కారణంతో పోయాయేమో అన్నారు కొందరు. 2015లో రేడియో కాలర్లు కట్టి కుందేళ్లని వదిలి చూస్తే, చచ్చిన వాటిలో 77 శాతం బర్మీస్ పైథాన్‌ల కడుపులోకే వెళ్లాయి. ఆ పైథాన్‌లు ఆసియా నుంచి ఈదుకుంటూ రాలేదండీ. పెంపుడు వ్యాపారంలోనే వచ్చాయి. ఎక్కడైనా ఒకసారి స్థిరపడ్డాక ఎంత ఖర్చుపెట్టినా వెనక్కి తిప్పలేం. అందుకే ముందుగా ఆపే అధికారం ఉండాలంటున్నా.

పైథాన్_రఘు

ఫ్లోరిడా సమస్య ఫ్లోరిడాది. 2021లో ఆ రాష్ట్రమే 16 జాతుల్ని నిషేధించుకుంది, తెగూ, ఇగువానా అనే పెద్ద బల్లులతో సహా. మంచు కురిసే రాష్ట్రంలో ఉన్నవాడికి అదే సంకెళ్లు ఎందుకు? దేశంలో దక్షిణాది మూడో వంతు బర్మీస్‌కి అనువైందని 2008లో మ్యాప్ వేశారు. తర్వాత సౌత్ కరోలైనాలో పది బర్మీస్‌లని ఆరుబయట ఆవరణలో ఉంచితే ఒక్క చలికాలం దాటలేదు, పదీ చచ్చాయి. 2010 జనవరి చలికి సాక్షాత్తూ ఎవర్‌గ్లేడ్స్‌లోనే ట్రాన్స్‌మిటర్లు పెట్టిన పదిలో తొమ్మిది చచ్చాయి. మీ సైన్సే ఇది.

చిత్తడినేల

పదోది బతికింది కదా. దాని పిల్లలే ఇప్పుడున్నవి.

ఇంకోటి, మీరు పాముల దగ్గరే ఆగిపోయారు. మొదటి నిబంధన వెనక సలమాండర్లు కూడా ఉన్నాయి, బల్లిలా కనిపించే ఉభయచరాలు. బీసాల్ అనే ఫంగస్ నెదర్లాండ్స్‌లో ఫైర్ సలమాండర్లని దాదాపు తుడిచిపెట్టేసింది. అది ఇక్కడికి రాకూడదని 2016 జనవరిలో 201 సలమాండర్ జాతుల్ని జాబితాలో పెట్టారు. 2017 తీర్పుతో రాష్ట్రాల మధ్య రవాణా ఆపే అధికారం పోయింది. రేపు ఎవరి ట్యాంక్‌లోనో ఆ ఫంగస్ బయటపడితే, ఆ సలమాండర్‌ని పక్క రాష్ట్రానికి పంపకుండా ఈ చట్టం ఆపలేదు. అడవి సలమాండర్లు ఈ దేశంలో ఉన్నన్ని రకాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

లలిత_రెస్క్యూ

ఈ మాటకే నేనూ వస్తున్నా. సరీసృపాల రెస్క్యూలో ఆరేళ్లుగా పనిచేస్తున్నా. పోయిన నవంబర్‌లో పొద్దున్నే తలుపు తీస్తే మెట్ల మీద ప్లాస్టిక్ పెట్టె. లోపల ఎనిమిదడుగుల బోవా, నోరంతా పుండు. చీటీలో “మూవ్ అవుతున్నాం, సారీ” అని ఒక్క లైన్. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, తీసుకునేవాళ్లు లేరు. తల నిలపలేక మెలికలు తిరిగే స్పైడర్ మార్ఫ్ (రంగు, చారల కోసం పుట్టించే రకం) బాల్ పైథాన్‌లు ఇప్పటికి నాలుగు వచ్చాయి. ఆ వణుకు ఆ జన్యువుతోనే వస్తుందని తెలిసే పుట్టిస్తారు, తెలిసే అమ్ముతారు. ఒక్క బ్రీడర్ కూడా వెనక్కి తీసుకోలేదు. ఏ నియమం వచ్చినా “మా స్వేచ్ఛ” అని ఫోన్లు చేసేది మాత్రం వాళ్లే. రఘు గారూ, మీ రాక్‌లలో, ఆ పాముల అరల్లో, ఎన్ని ఉన్నాయి? ఏడాదికి ఎన్ని పిల్లల్ని వేరే రాష్ట్రాలకి కొరియర్‌లో పంపుతారు? అది చెప్పకుండా “పెంపకందారుల హక్కు” అంటే నేను ఒప్పుకోను.

పైథాన్_రఘు

నా రాక్‌ల సంగతి మీకెందుకమ్మా? పదిహేనేళ్లుగా పన్ను కట్టి చేస్తున్న పని. స్పైడర్ నేనెప్పుడూ పుట్టించలేదు, అడిగినవాళ్లకి లేదనే చెప్పా. నేను అమ్మిన పాము ఎప్పుడైనా వెనక్కి తెస్తే తీసుకుంటా, తీసుకున్నా కూడా. మీ మెట్ల మీద ఎవడో పెట్టె పెట్టిపోతే అందరం దొంగలమా? మీకు మా మీద కోపం, దాన్ని సెక్షన్ 71102లో తీర్చుకుంటున్నారు. అంత ఇష్టం లేకపోతే మొత్తం నిషేధించమని రాయండి!

గెకో_బాబు

అన్నా, అక్కా, కాస్త ఆగండి.

పెద్దపాము

నేను ఇక్కడ రాసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు రాయాలి.

నా దగ్గర బర్మీస్ ఆడపాము ఉండేది. తెచ్చినప్పుడు నా మణికట్టుకి చుట్టుకునేంత. తొమ్మిదేళ్లకి పదమూడు అడుగులైంది. నా గొంతు వినగానే ఎన్‌క్లోజర్ ముందుకి వచ్చేది. పాములు మనిషిని గుర్తుపట్టవంటారు, నేను వాదించను. 2012 జనవరిలో బర్మీస్, రెండు ఆఫ్రికన్ పైథాన్‌లు, ఎల్లో అనకొండ జాబితాలోకి వెళ్లాయి. 2014లో నా ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాడికి వెతుక్కునేందుకు ఎంత టైం ఉంటుందో మీకు తెలుసు. దొరికింది వేరే రాష్ట్రంలో. పామునేమో సరిహద్దు దాటించకూడదు. పర్మిట్ జూలకి, పరిశోధనకి, చదువు చెప్పేవాళ్లకి, వైద్యానికి మాత్రమే ఇస్తారు. ఇంట్లో పెంచుకునేవాడికి లేదు. స్నేహితుడి బేస్‌మెంట్‌లో పెట్టి వచ్చా. నాలుగు నెలలకోసారి వెళ్లి చూసేవాణ్ణి. 2017 ఫిబ్రవరిలో వాళ్లింట్లో రెండు రోజులు కరెంటు లేదు. ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ పట్టింది. నేను వెళ్లేసరికే పోయింది.

రాష్ట్రాల మధ్య ఆపే అధికారం లేదని కోర్టు చెప్పింది ఏప్రిల్ 7న.

రఘు గారూ, 2012లో మీరు ఇక్కడే రాసిన మాట నేను దాచుకున్నా: “పెద్ద పాములు ఇవాళ కాకపోతే రేపు పోయేవే. వాటి కోసం కొట్లాడితే మనవీ పోతాయి. వదిలేద్దాం.” దానికి ముప్పై మంది సరే అన్నారు. ఇప్పుడు మీ ఇంటి దాకా వస్తోంది కాబట్టి అందరం ఒకటే అంటున్నారు.

కుబుసం_వాసు

ఆ ముప్పై మందిలో నేనూ ఉన్నా. చదివి చాలాసేపు కూర్చున్నా.

పైథాన్_రఘు

ఆ మాట నాదే. చెరిపేయలేదు, చెరిపేయను.

అప్పుడు ఏమనుకున్నానో చెప్తా. ముందు ప్రతిపాదించినవి తొమ్మిది జాతులు, అందులో బోవా కూడా ఉంది. బోవా పోతే ఇక్కడ సగం మంది పోతారు. నాలుగు ఇచ్చి బోవాని కాపాడుకుందాం అనుకున్నా. బోవా ఎప్పటికీ జాబితాలోకి ఎక్కలేదు కాబట్టి నా లెక్క సరిపోయిందనే ఇన్నాళ్లూ నమ్మా. 2015లో రెటిక్యులేటెడ్ పైథాన్, ఇంకో మూడు అనకొండలు వెళ్లినప్పుడు కూడా మాట్లాడలేదు. ఆ లెక్కలో మీ పాము ఉందని నాకు తెలీదు. తెలిసినా అలాగే రాసేవాణ్ణేమో, అందుకే ఇప్పుడు సిగ్గుగా ఉంది. తప్పు చేశానండీ. లలిత గారూ, “పట్టుకుపోతారు” అన్న వాక్యం కూడా తీసేస్తున్నా.

లలిత_రెస్క్యూ

పెద్దపాము గారూ, మీ పాము సంగతి చదివి నిద్ర పట్టలేదు. అయినా నా మాట నేను చెప్పాలి. నేను ఫోన్ చేస్తా. తెల్ల జాబితా వద్దంటా, అడక్కుండా పెట్టే అధికారం వద్దంటా. రాష్ట్రాల మధ్య రవాణా నిబంధన మాత్రం ఉంచమంటా. చిత్తడినేల చెప్పిన ఫంగస్ నిజం.

పెద్దపాము

మీరు ఇచ్చేస్తానంటున్నది నా దగ్గర పోయినదే.

లలిత_రెస్క్యూ

తెలుసండీ. అందుకే మీతోనే చెప్తున్నా. ఉన్న పాముని దాని యజమాని ఇల్లు మారేటప్పుడు తీసుకెళ్లేలా మినహాయింపు అడుగుతా. అమ్మకానికి పంపడం వేరు, ఇల్లు మారడం వేరు. ఆ తేడా 2012లోనే రాసి ఉంటే ఆమె మీతోనే వచ్చేది.

పైథాన్_రఘు

ఒక ఫోన్ మొత్తం తీసేయమని, ఇంకోటి సగం ఉంచమని వెళ్తే, పెంపకందారుల్లోనే ఏకాభిప్రాయం లేదని రాసుకుంటారు. ఈ బిల్లులో వద్దు, విడిగా చర్చ పెట్టి అప్పుడు మినహాయింపులు మాట్లాడదాం అనండి, బతిమాలుతున్నా.

లలిత_రెస్క్యూ

ఏకాభిప్రాయం లేదు కదండీ. లేనిది ఉందని నేను చెప్పలేను.

చిత్తడినేల

ఇల్లు మారేవాళ్లకి మినహాయింపు, పశువైద్యుడి దగ్గరికి వెళ్లడానికి మినహాయింపు ఉంటే నేను కూడా అదే అడుగుతా. ఇన్నాళ్లూ అలా ఆలోచించలేదు.

పెద్దపాము

నేను మొత్తం తీసేయమనే చేశా. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఓపిగ్గా విని, “ఇప్పుడు మీ దగ్గర ఎన్ని పాములున్నాయి?” అని అడిగింది. ఒక్కటీ లేదని చెప్పా.

పైథాన్_రఘు (ఆగస్టు 10, 2022)

పాత చర్చని పైకి తెస్తున్నా. నిన్న, 9వ తేదీన, చిప్స్ అండ్ సైన్స్ చట్టం మీద అధ్యక్షుడి సంతకం అయింది. లేసీ సవరణలు అందులో లేవు. ఫోన్ చేసిన అందరికీ, సగం ఉంచమన్నవాళ్లకి కూడా, దండాలు. మళ్లీ ఏదో ఒక బిల్లులో వస్తుంది, అందుకే ఈసారి మినహాయింపుల ముసాయిదా ముందే రాసి పెట్టుకుందాం. మొదటి పేరా పెద్దపాము గారు రాస్తే బావుంటుంది.

పెద్దపాము (ఆగస్టు 12, 2022)

రాస్తా. బర్మీస్ పేరు జాబితాలో ఇప్పటికీ ఉంది, అక్కణ్నుంచే మొదలుపెడతా.

లలిత గారూ, ఆ బోవా ఇంకా మీ దగ్గరే ఉందా? మా రాష్ట్రంలో బోవాకి అడ్డు లేదు, కనుక్కున్నా.

లలిత_రెస్క్యూ (ఆగస్టు 12, 2022)

ఉంది. నోటి పుండు పూర్తిగా మానింది, రెండు వారాలకోసారి తింటోంది. ఎన్‌క్లోజర్ కొలతలు, వేడి ఎటువైపు ఎంత ఉంటుందో ఫొటోలతో పంపండి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా రాయండి.