కెల్ప్ అడవి కూలింది ఎండకా, అర్చిన్‌కా? 42వ ప్రశ్న కీ మీద లొల్లి

ఖిలా_పోరడు:
మాక్ టెస్టు, పర్యావరణం పేపరు, 42వ ప్రశ్న: “ఉత్తర కాలిఫోర్నియా తీరంలో 2014 తర్వాత బుల్ కెల్ప్ అడవులు నశించడానికి ప్రధాన కారణం?” ఎ) సముద్రపు నీరు వేడెక్కడం బి) ఊదా అర్చిన్లు విపరీతంగా పెరగడం సి) కాలుష్యం డి) అతిగా కోయడం. కీలో ‘బి’ ఇచ్చిండ్రు. నేను ‘ఎ’ పెట్టిన. పావు మార్కు మైనస్ గూడ పడ్డది. ఏది కరెక్టో చెప్పుర్రి.

పాకాల_తూము:
కీ తప్పు లేదు తమ్మీ. బుల్ కెల్ప్ అంటె చెట్టు కాదు, బండను పట్టుకొని నీళ్లల్ల నిలబడే గోధుమరంగు శైవలం. వేర్లుండవు, ఉత్త పట్టే. ఊదా అర్చిన్ అంటె ఒళ్లంత ముళ్లుండే గుండ్రటి సముద్రపు జీవి, అది కాడ మొదట్లనే కొరుకుతది. మొదలు తెగినంక పైన పది మీటర్లున్నా ఇరవై ఉన్నా అలకు కొట్టుకపోవుడే. పైగ అది ఏడాది మొక్క, ఏటేటా కొత్తగ మొలవాలె. మొలిచింది మొలిచినట్టే గీకి తింటె మల్ల అడవి ఎక్కడిది? 350 కిలోమీటర్ల తీరంల 90 శాతం పైన పోయింది. మిగిలింది బోడి బండ, దాని నిండ అర్చిన్లు. ఇంక రుజువేం కావాలె?

హన్మకొండ_జువాలజీ:
దొంగ దొరికిన చోటు చెప్పారు, తాళం తీసిందెవరో చెప్పలేదు. అర్చిన్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. బండ చీలికల్లో కూర్చుని, తెగి కొట్టుకొచ్చే కెల్ప్ ముక్కలు తింటూ బతికేవి. 2013లో సముద్ర నక్షత్రాలకు, అంటే స్టార్‌ఫిష్‌లకు, ఒళ్లు కరిగిపోయే జబ్బు మొదలైంది. అర్చిన్లను తినే పొద్దుతిరుగుడు నక్షత్రం, ఇరవై దాకా చేతులుండేది, ఆ తీరంలో దాదాపు కనబడకుండా పోయింది. 2014 నుంచి 2016 దాకా సముద్రంలో వేడి. వేడి అంటే కెల్ప్ ఉడికిపోవడం కాదు. అడుగునుంచి చల్లటి నీళ్లు పైకొస్తేనే నైట్రేట్ అందుతుంది. ఆ తీరంలో నీరు 15 డిగ్రీలు దాటితే నైట్రేట్ సున్నాకు దగ్గర. ఎరువు పడని పైరు ఎట్లా ఉంటుందో తెలిసిందే. కెల్ప్ తగ్గింది, కొట్టుకొచ్చే ముక్కలు తగ్గాయి, ఆకలికి అర్చిన్లు చీలికలు వదిలి నిలువు కాడల మీద పడ్డాయి. జవాబు ‘ఎ’.

కొత్తవాడ_మగ్గం:
సముద్రం చూడాలంటె రాత్రంత రైల్ల కూసోవాలె. గీ పంచాయితీ మనకెందుకయ్యా.

ములుగు_మాస్టర్:
పంటి డాక్టరు అచ్చు తీసే గుజ్జులో, రియాక్టివ్ రంగుల అద్దకంలో చిక్కదనానికి కలిపేది ఆల్జినేట్. అది గోధుమరంగు శైవలాలదే. కొత్తవాడలో ఉండి మనకెందుకంటే ఎట్లా?

పాకాల_తూము:
జబ్బును గూడ ఎండ ఖాతాల రాస్తున్నరు మేడం. అది విబ్రియో జాతి బాక్టీరియా పని అని 2025ల తేలింది. ఇంకోటి చూడుర్రి. అలాస్కా కాడి అల్యూషియన్ దీవులల్ల, అర్చిన్లను తినే నీటికుక్కలున్న దీవికి కెల్ప్ అడవి, లేని దీవికి అర్చిన్ల బోడి బండ. 1974ల అచ్చయిన పరిశోధన ఇది. రెండు దీవుల మీద ఎండ ఒక్కటే కదా?

హన్మకొండ_జువాలజీ:
ఆ పరిశోధన కాదనను. కానీ కాలిఫోర్నియాలోనే మాంటెరీ దగ్గర నీటికుక్కలున్నా 2014 తర్వాత అక్కడక్కడా బోడి బండలు పడ్డాయి. బోడి బండ మీది అర్చిన్‌ను నీటికుక్క పట్టించుకోదు. తిండి లేక దాని బీజకోశాలు ఎండిపోయి ఉంటాయి, చిప్ప పగలగొట్టినా లోపల తినడానికేం ఉండదు. మిగిలిన కెల్ప్ మధ్య బలిసిన వాటినే తింటుంది. అంటే ఉన్న అడవిని కాపాడింది, పోయినదాన్ని తేలేదు. అర్చిన్ మాత్రం తిండి లేకుండా ఏళ్ల తరబడి బతికేస్తుంది. ఇక పశ్చిమ ఆస్ట్రేలియా చూడండి: 2011 వేడికి కల్బరీ వైపు వంద కిలోమీటర్ల మేర కెల్ప్ పోయింది. అక్కడ అర్చిన్ ప్రసక్తే లేదు. తర్వాత ఉష్ణమండలపు చేపలు వచ్చి మొలకలు మేసి, తిరిగి లేవనివ్వలేదు.

పాకాల_తూము:
ప్రశ్నల ఉత్తర కాలిఫోర్నియా అని ఉన్నది. ఆస్ట్రేలియాను ఎందుకు గుంజుకొస్తున్నరు? ప్రశ్న చదువుడు రాదా?

ఖిలా_పోరడు:
నాకు వచ్చన్నా చదువుడు. పేపరు తయారు చేసేటోళ్లకే రాదు. పోయిన వారం గూడ ‘ముఖ్య’ అని పెట్టి రెండు కీలు మార్చిండ్రు.

హన్మకొండ_జువాలజీ:
తూము గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. ఆస్ట్రేలియా ఎందుకంటే కారణాన్ని విడదీసి చూడ్డానికి. తాస్మానియా ఇంకా తేట. పొడుగు ముళ్ల అర్చిన్ లార్వాలు 12 డిగ్రీలకు దిగువన సరిగా ఎదగవు. వెచ్చటి తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం దక్షిణానికి జరిగి, చలికాలపు నీరు ఆ గీత దాటాకే అవి అక్కడ స్థిరపడ్డాయి. అర్చిన్‌ను మోసుకొచ్చిందే వేడి.

పాకాల_తూము:
సరే, వెనక్కి తీసుకున్న. గని ‘ఎండ’ అనే జవాబంటె నాకెందుకు మంటనో చెప్త. మే నెలల చెరువుల చేపలు తేలితె కాయితం మీద ఒక్కటే ముక్క: ఎండ తీవ్రత. ఫైలు బందు. లెక్క చూడుర్రి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటయి, 30 డిగ్రీలయితె ఏడున్నర. ఎండ గుంజుకున్నది ఒకటిన్నర. బొచ్చె, రవ్వలకు 5 ఉంటె హాయి. మరి తెల్లారగట్ల నాలుగింటికి 1కి ఎందుకు పడ్తది? మురికి కాలువ. రాత్రంత ఊపిరి పీల్చే పచ్చనాచు. అడుగున కుళ్లే గుర్రపుడెక్క. వీళ్లు పగటి పన్నెండింటికి సీస నింపి, ‘ఆరున్నది, బాగనే ఉన్నది’ అని రాస్తరు. అప్పుడు నాచు ఎండకు ఆక్సిజన్ వదుల్తనే ఉంటది, ఆరెందుకుండదు! ఎండకు నోటీసు ఇయ్యలేం, ఎండ జరిమానా కట్టది. అందుకే దాని పేరు రాస్తరు.

కొత్తవాడ_మగ్గం:
కొర్రమట్టలు చావవు కదనే?

పాకాల_తూము:
అది పైకొచ్చి గాలి మింగుతది. అవి బతికితె ‘నీళ్లు మంచిగనే ఉన్నయి’ అని ఇంకో ముక్క.

హన్మకొండ_జువాలజీ:
ఇదా సంగతి. చెరువు గట్టు మీది కోపానికి ఇంతసేపు కాలిఫోర్నియాలో కొట్టుకున్నామన్నమాట. నా మంట దీనికి తలకిందులు. ‘బి’ అని నేర్పితే సుత్తి పట్టుకుంటే చాలనుకుంటారు. దక్షిణ కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డెస్ దగ్గర 2013 నుంచి డైవర్లు సుత్తులతో అర్చిన్లు పగలగొట్టి చదరపు మీటరుకు రెండుకు దించారు, కెల్ప్ వచ్చింది, నిజమే. కానీ సగం కొట్టి ఆపితే శ్రమ దండగ. ఎన్ని అర్చిన్లతో అడవి కూలిందో, సుమారు అందులో పదో వంతుకు దించితేగానీ తిరిగి లేవదు. దించాక కూడా బీజాలిచ్చే కెల్ప్ దగ్గర్లో ఉండాలి, నీళ్లలో నైట్రేట్ ఉండాలి. అది సుత్తితో రాదు.
మీ లెక్కలోనూ ఒకటి వదిలేశారు. నీరు పది డిగ్రీలు పెరిగితే చేపకు కావలసిన ఆక్సిజన్ సుమారు రెట్టింపు, బురద కుళ్లే వేగమూ అంతే. ఎండ తీసేది ఆ ఒకటిన్నరే కాదు.

పాకాల_తూము:
రెట్టింపు సంగతి నేను కలపలే. ఒప్పుకుంట. మురుగు ఆపితె అదే ఎండల చేప బతుకుతదని మీరు ఒప్పుకోవాలె.

హన్మకొండ_జువాలజీ:
చాలా చెరువుల్లో బతుకుతుంది. రిపోర్టులో నీళ్లు తీసిన గంట రాయమనండి, సగం సంగతి అక్కడే బయటపడుతుంది.

ఖిలా_పోరడు:
మేడం, అన్నా, ఆబ్జెక్షన్ ఫారంల 200 అక్షరాలే పడుతున్నయి. ఏం రాయాలె?

పాకాల_తూము:
‘ప్రధాన’ కాదు, ‘తక్షణ’ అని అడగాల్సిందని రాయి. అప్పుడు ‘బి’నే.

హన్మకొండ_జువాలజీ:
అప్పుడు ‘బి’. ‘మూల’ అని అడిగితే ‘ఎ’.

ములుగు_మాస్టర్:
నక్షత్రం జబ్బు ఆప్షన్లలోనే లేదు, అది ఎవరూ చూడలేదా?