గడ్డకట్టించే శీతాకాలం మేలా, ఏడాది పొడవునా ఎండ మేలా?

ఉత్తరదిక్కు:
నాకు రెండు చోట్ల ఉద్యోగం ఖాయమయింది. ఒకచోట ఏడాదిలో దాదాపు సగం కాలం నేల మంచు కింద ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పోవడం అక్కడివారికి విశేషమే కాదు. రెండో చోట స్వెటరు అవసరమే రాదు గానీ ఎండా ఉక్కా ఏ నెలలోనూ వదలవు. జీతాల్లో తేడా లేదు కనుక ఆ ప్రస్తావన వద్దు. నాతో పాటు డెబ్బై దాటిన మా అమ్మ కూడా వస్తుంది. ఇంటి నిర్వహణ, రాకపోకలు, మనసు మీద పడే ప్రభావం అనే మూడింటిలో ఎక్కడ ఏది కష్టమో రెండూ అనుభవించినవారు చెప్పగలరని కోరుతున్నాను.

నిప్పులమెట్ట:
చలికి విరుగుడు ఉంది, ఎండకు లేదు. చలి పెరిగితే మరో పొర తొడుక్కోవచ్చు. ఉక్క పెరిగితే విప్పుకోవడం చర్మం దగ్గర ఆగిపోతుంది. ఎండ అంటే మధ్యాహ్నపు ఉష్ణోగ్రత మాత్రమేనని చలి ప్రాంతాలవారు భ్రమపడతారు. పగలు నలభై దాటినా రాత్రి ఇరవై ఐదుకు దిగితే శరీరం కోలుకుంటుంది. రాత్రి కూడా ముప్పై దగ్గరే నిలిచిపోయి, ఆపైన కరెంటు పోయి, తెల్లవారేదాకా కూర్చున్న వ్యక్తి ఎవరూ శీతాకాలాన్ని తిట్టరు.

చీకటిగది:
నేను తిడతాను. చలి గురించి కాదు, వెలుతురు గురించి. చీకట్లో ఆఫీసుకు వెళ్లి చీకట్లోనే ఇల్లు చేరే నెలల్లో మనిషి తినడం, నిద్రపోవడం, మాట్లాడడం అన్నీ మారిపోతాయి. దీనిని ఋతువును బట్టి వచ్చే కుంగుబాటుగా వైద్యులు 1984 నుంచీ గుర్తిస్తున్నారు కనుక దయచేసి నన్ను బద్ధకస్తుడని ఎవరూ అనవద్దు. ఇంట్లో మామూలు దీపాల వెలుగు కొన్ని వందల లక్సులకు (వెలుగును కొలిచే ప్రమాణం) మించదు. చికిత్సకు వాడే దీపం 10,000 లక్సులు ఇస్తుంది, ఉదయం లేచిన వెంటనే దాని ముందు అరగంట కూర్చోవాలి. సాయంత్రం కూర్చుంటే నిద్ర చెడుతుంది. ఉత్తరదిక్కు గారు కోటు కొనడానికి ముందు ఆ దీపం కొనుక్కోవాలి.

గాలివాటం:
దీపాలూ కోట్లూ తరువాత, ముందు గాలి సంగతి చూడండి. ఉష్ణోగ్రత ఎంతని చూసి మోసపోకూడదు, విండ్‌చిల్ (గాలి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చెప్పే చలి అంకె) ఎంతని చూడాలి. మా దగ్గర ఒక రాత్రి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలే, అంటే సున్నాకు పైనే. గాలి గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో వీచినందువల్ల విండ్‌చిల్ మైనస్ నాలుగుకు పడిపోయింది, తెల్లవారేసరికి పెరట్లో కుళాయి గొట్టం పగిలింది. గోడంతా తడిసింది. చలి దేశంలో మనిషిని గానీ ఇంటిని గానీ దెబ్బతీసేది గాలే.

శీతలయంత్రి:
భవనాలను వేడిగా, చల్లగా ఉంచే యంత్రాల రంగంలో దశాబ్దాలుగా పనిచేస్తున్నవాడిగా ఇక్కడ ఒక దిద్దుబాటు తప్పనిసరి. విండ్‌చిల్ అనేది రక్తమాంసాలున్న ప్రాణికి సంబంధించిన అంచనా. గాలి, తన కంటే వేడిగా ఉన్న వస్తువును త్వరగా చల్లబరచగలదు గానీ, తన ఉష్ణోగ్రత కంటే దిగువకు దించలేదు. గాలి రెండు డిగ్రీల వద్ద ఉంటే, అది ఎంత వేగంగా వీచినా పొడి ఇనుప గొట్టం రెండు డిగ్రీల వద్దే ఆగుతుంది. మీ గొట్టం పగలడానికి కారణం మరొకటి. ఇది అభిప్రాయం కాదు, భౌతికశాస్త్రం.

గాలివాటం:
తమరి భౌతికశాస్త్రం నా గోడ మీద తడిని ఆరబెట్టలేదు. పగిలిన గొట్టాన్ని నేను చూశాను, తమరు చూడలేదు. విండ్‌చిల్ లెక్క తొలిసారి తీసింది మనుషుల మీద కాదు. అంటార్కిటికాలో సైపల్, పాసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్లాస్టిక్ గొట్టంలోని నీరు గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని కొలిచి 1945లో దానిని ప్రచురించారు. నీటితోనే పుట్టిన లెక్క నీటికి వర్తించదనడం ఏమి తర్కం?

శీతలయంత్రి:
ఆ ప్రయోగంలో చుట్టూ ఉన్న గాలి సున్నాకు చాలా దిగువన ఉన్నదన్న సంగతిని తమరు సౌకర్యంగా విస్మరించారు. నీరు ఎంత త్వరగా గడ్డకడుతుందన్నదే వారు కొలిచినది. సున్నాకు పైనున్న గాలిలో నీరు గడ్డకట్టించడం వారి ఉద్దేశమూ కాదు, వారి వల్ల అయ్యేదీ కాదు. 2001లో కెనడా, అమెరికా ఆ లెక్కను మార్చినప్పుడు పరీక్షకు కూర్చోబెట్టింది మనుషులను. వారి ముఖాల మీదికి గాలిని వదిలి కొలిచారు. అర్థం చేసుకోదలచినవారికి ఇంతకన్నా వివరణ అక్కరలేదు.

ఉత్తరదిక్కు:
అమ్మ గురించి ఎవరైనా చెప్పగలరా?

తడిబట్ట:
ఒక్క నిమిషం, ముందు ఈ గొట్టం తేలనివ్వండి. శీతలయంత్రి గారు పొడి గొట్టం అని జాగ్రత్తగా అన్నారు, ఆ మాట మీదే నా అభ్యంతరం. తడిసిన వస్తువు గాలి కంటే చల్లబడుతుంది, ఎందుకంటే ఆవిరయ్యే నీరు వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి రెండు డిగ్రీల వద్ద బాగా పొడిగా ఉంటే తడి గుడ్డ సున్నాకు దిగువకు దిగగలదు. అంతేకాక మబ్బు లేని రాత్రి నేలా పైకప్పులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడతాయి. ఉష్ణమాపి మూడు డిగ్రీలు చూపుతున్నా కారు అద్దం మీద మంచు పేరుకునేది అందుకే. అయితే ఆ పని సాగాలంటే గాలి ఆగాలి, వీస్తున్న గాలి పైనున్న వెచ్చదనాన్ని కిందికి కలిపేస్తుంది. గాలివాటం గారి గొట్టం గాలి వీస్తున్నప్పుడు కాక, అది నిలిచిపోయిన తరువాత గడ్డకట్టి ఉంటుందని నా ఊహ.

గాలివాటం:
ఊహలకేమి, ఎన్నయినా చేయవచ్చు.

నిప్పులమెట్ట:
తడిబట్ట గారు చెప్పిన ఆ ఆవిరే మా ప్రాంతాల్లో ప్రాణాధారం, దానిని గొట్టాల తగవులో వృథా చేయకండి. చెమట ఆవిరైతేనే శరీరం చల్లబడుతుంది, గాలి నిండా తేమ ఉంటే చెమట కారిపోతుందే తప్ప ఆవిరి కాదు. తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపి చూపే అంకె, వేడినీ తేమనూ కలిపి చెప్పేది) 35 డిగ్రీలకు చేరితే నీడలో, ఫ్యాను కింద, నీళ్లు తాగుతూ కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి నిలవలేడని 2010లో పరిశోధకులు లెక్కగట్టారు. తరువాత యువకుల మీద చేసిన ప్రయోగాల్లో, శరీరం తన వేడిని అదుపులో పెట్టుకోగల హద్దు 31 దగ్గరే ఉందని తేలింది. 31 అంటే ఏదో లోకాతీతమైన వేడి కాదు. 38 డిగ్రీల ఎండలో గాలి తేమ అరవై శాతం ఉంటే చాలు. చలిలో ఇలాంటి హద్దు ఏదైనా ఉంటే చూపండి. సున్నాకు అరవై డిగ్రీల దిగువను చూసిన ఊళ్లలో కూడా మనుషులు కాపురాలు చేస్తున్నారు.

పొరలు:
చేస్తున్నారు, ఇంట్లో హీటరు ఆగనంతకాలం. శీతాకాలాన్ని దుస్తుల సమస్యగా చూపినవారందరూ వెచ్చని ఇంటి నుంచి రాస్తున్నవారే. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పదమూడు దేశాల అధ్యయనం ప్రకారం, ఉష్ణోగ్రతకు ఆపాదించదగిన మరణాలు మొత్తం మరణాల్లో సుమారు 7.7 శాతం, అందులో 7.3 శాతం చలి వాటా, ఎండ వాటా అర శాతం లోపే. ఇక వాదన అనవసరం.

తడిబట్ట:
ఆ అధ్యయనం తేల్చిన రెండో విషయాన్ని వదిలేశారు. ఆ చలి మరణాల్లో అత్యధిక భాగం భయంకరమైన శీతలం వల్ల కాక, ఒక మోస్తరు చలి వల్ల సంభవించినవి. మైనస్ ఇరవైకి సిద్ధపడి కట్టిన ఇంట్లో లోపల ఇరవై రెండు డిగ్రీలు ఉంటాయి. చలి ఉండదనుకుని కట్టిన ఇంట్లో నాలుగు వారాల పాటు గదిలో పద్నాలుగు డిగ్రీలు ఉంటే, రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరిగే ప్రమాదం పెద్దవారికి అక్కడే ఎక్కువ. కాబట్టి ఆ అంకె వెచ్చని దేశానికి ఓటు వేస్తున్నదని అనుకోకండి.

పొరలు:
అంకెలు ఇచ్చేది నేను, అర్థాలు చెప్పేది తమరు. సంతోషం.

శీతలయంత్రి:
ఇంటి నిర్వహణ గురించి అడిగినవారికి నా వృత్తి నుంచి ఒక లెక్క. ఇంట్లోకి, ఇంట్లోంచి పారే వేడి, లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. బయట 40, లోపల 25 ఉంచాలంటే తేడా పదిహేను. బయట మైనస్ 20, లోపల 20 ఉంచాలంటే నలభై. అందువల్ల ఇన్సులేషన్ (గోడల్లో, పైకప్పులో వేడిని ఆపే పొర) లేని ఇల్లు చలి దేశంలో ఖర్చుల గుంట. ఇంకొక సంగతి, మైనస్ ఇరవైలోని గాలిని లోపలికి తెచ్చి వేడి చేస్తే దానిలో తేమ పది శాతం లోపుకు పడిపోతుంది. చర్మం పగలడం, ముక్కులో రక్తం రావడం చలి వల్ల కాదు, ఈ పొడిదనం వల్ల. ఇవి చెప్పడానికి అనుభవం కావాలి, పగిలిన గొట్టం చాలదు.

గాలివాటం:
నోరు అదుపులో పెట్టుకోండి. అనుభవం తమరికి ఒక్కరికే ఉందన్నట్టు రాస్తున్నారు.

జారుడుబాట:
పెద్దావిడ గురించి అడిగిన ప్రశ్నను అందరూ దాటేశారు. మా నాన్నగారు మంచు దేశంలో నాతో ఉన్నారు. ఆయనను బాధపెట్టింది చలి కాదు, కాలిబాట. మంచు కురిసిన రోజు ప్రమాదం తక్కువ. అది కరిగి రాత్రికి మళ్లీ గడ్డకట్టినప్పుడు ఏర్పడే అద్దంలాంటి పొర కంటికి కనబడదు. ఉప్పు చల్లారు కదా అని ధైర్యపడకూడదు, మామూలు ఉప్పు మైనస్ తొమ్మిది, పది దాటాక దాదాపు పనిచేయదు, అప్పుడు ఇసుకే దిక్కు. బూట్లకు తొడిగే ఇనుప పళ్ల పట్టీలు తెచ్చాకే ఆయన గడప దాటారు. వెచ్చని చోట పెద్దవారికి వేరే చిక్కు ఉంది: దాహం వేయడం తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది, ఒళ్లు వేడెక్కిన సంగతి వారికే తెలియదు. అక్కడ అడిగి నీళ్లు తాగించాలి, ఇక్కడ చెయ్యి పట్టుకుని నడిపించాలి.

చీకటిగది:
నడవలేని నెలల్లో ఆవిడ ఎవరితో మాట్లాడతారన్నది కూడా ఆలోచించాలి. కిటికీలో నుంచి మనిషి జాడ కనబడని శీతాకాలం నాకే భారంగా ఉంది.

నిప్పులమెట్ట:
మా దగ్గర మిట్టమధ్యాహ్నం వీధిలో మనిషి జాడ కనబడుతుందని ఎవరు చెప్పారు?

పొరలు:
రాకపోకల మీద ఒక్కమాట. మంచులో కారు కూరుకుపోతే ఇంజను నడుపుతూ లోపల వెచ్చగా కూర్చోవడం ప్రాణాంతకం కాగలదు. పొగ గొట్టాన్ని మంచు మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ముందు దిగి పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వండి. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దమని చెప్పేవారి మాట వినకండి. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాక, 37 నుంచి 39 డిగ్రీల మధ్యనున్న నీళ్లలో ఉంచి, వెంటనే వైద్యుడికి చూపాలి.

ఉత్తరదిక్కు:
జారుడుబాట గారికి కృతజ్ఞతలు. ఆ చలి ఊళ్లో ఇచ్చే ఇంటికి పెరటి కుళాయి ఉంది. దానిని ఏమి చేయాలి?

శీతలయంత్రి:
నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది, దానికి చోటు లేకపోతే గొట్టం పగులుతుంది. శీతాకాలం మొదలు కాకముందే ఇంటి లోపలి వైపు వాల్వు మూసి, బయటి కుళాయి తెరిచి నీరంతా కారనిచ్చి, ఆ కుళాయిని అలాగే తెరిచి ఉంచండి. రబ్బరు గొట్టం తగిలించి ఉంటే తీసివేయండి.

గాలివాటం:
నా కుళాయికి లోపల వాల్వు లేదు.

శీతలయంత్రి:
అయితే ముందు ఆ వాల్వు పెట్టించుకోవలసింది, విండ్‌చిల్ మీద నింద వేయడం కాదు.