వైర్ యాంటెన్నా మోడల్: మౌసుతో గీయాలా, కార్డులుగా రాయాలా?

కొత్తలైసెన్సు:
అందరికీ నమస్కారం. హామ్ రేడియోకి కొత్త. మేడ మీద 9 మీటర్ల పైపు నిలబెట్టాను. 7.1 మెగాహెర్ట్జ్‌కి ఇన్వర్టెడ్ వీ (మధ్యలో ఎత్తుగా ఉండి రెండు కాళ్లూ కిందికి వాలే తీగ యాంటెన్నా) కట్టే ముందు కంప్యూటర్లో మోడల్ చేసి చూద్దామనుకుంటున్నాను. సీనియర్లు "గీయకు, నెక్ (యాంటెన్నా లెక్క కట్టే ప్రోగ్రాము) కార్డులు చేత్తో రాయి, అప్పుడే పట్టుబడుతుంది" అంటున్నారు. నాకు మౌసుతో గీయడమే హాయిగా ఉంది. మీరేమంటారు?

రాగితీగ:
రాయండి. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ నుంచి 1981లో నెక్-2 వచ్చేనాటికి ఒక్కో తీగకు ఒక్కో పంచ్ కార్డు. ఇప్పుడది ఫైల్లో 'జీడబ్ల్యూ'తో మొదలయ్యే ఒక వరుస: తీగ నంబరు, ఎన్ని సెగ్మెంట్లు (లెక్క కోసం తీగను విడగొట్టే ముక్కలు), రెండు కొసల ఎక్స్ వై జెడ్, వ్యాసార్థం, కొలతలన్నీ మీటర్లలో. మీ యాంటెన్నా మొత్తం ఇంతే:

జీడబ్ల్యూ 1 20 0 -8.7 4 0 -0.25 9 0.001
జీడబ్ల్యూ 2 1 0 -0.25 9 0 0.25 9 0.001
జీడబ్ల్యూ 3 20 0 0.25 9 0 8.7 4 0.001

మధ్యలో ఆ అరమీటరు ముక్క ఎందుకంటే, నెక్-2లో మనం మామూలుగా ఇచ్చే సోర్సు, అంటే తీగకు పవర్ అందే ఫీడ్, సెగ్మెంట్ మధ్యలో కూర్చుంటుంది, అతుకు మీద కాదు. రెండు కాళ్లే పెట్టి ఒక కాలికి సోర్సు ఇస్తే ఫీడ్ పక్కకు జరిగిపోతుంది. రాస్తే ఈ సంగతి మీకు తప్పకుండా ఎదురవుతుంది.

మేడమీదిమాస్టు:
రాగితీగ గారూ, నా మొదటి ఫైల్లో ఒక మైనస్ గుర్తు మర్చిపోయాను. రెండు కాళ్లూ ఒకే వైపు వాలాయి. అయినా లెక్క ఆగలేదు, ఇంపెడెన్స్ (ఫీడ్ దగ్గర ఎన్ని ఓమ్‌లో) కూడా చూపించింది! రెండు రోజులు ఆ అంకెలతో తల బద్దలు కొట్టుకున్నాను. నెక్ ఫైలును బొమ్మగా చూపే 4నెక్2 ప్రోగ్రాములో బొమ్మ తెరవగానే తప్పు కనబడింది. పైగా మౌసుతో గీయగలిగే ఎంమానా-గాల్‌లో సోర్సును అతుకు మీదే పెట్టొచ్చు, ఆ మధ్య ముక్క అవసరమే లేదు. కొత్తవాళ్లకు మొదటి రాత్రే ఫలితం కనబడాలండీ. కార్డుల దగ్గరే విసిగి వదిలేసినవాళ్లను చూశాను, బాధగా ఉంటుంది.

రాగితీగ:
ఆ వెసులుబాటు నిజమే, కానీ ఎంమానా నడిచేది మినినెక్ అనే వేరే లెక్క మీద. రియల్ గ్రౌండ్ (మామూలు నేల) ఎంచుకున్నా అది ఇంపెడెన్స్‌ను పర్ఫెక్ట్ గ్రౌండ్ (నష్టమే లేని ఆదర్శ నేల) మీద ఉన్నట్టే లెక్కిస్తుంది. 42 మీటర్ల తరంగానికి మన పైపు ఐదో వంతే, కొసలు 4 మీటర్ల దగ్గరే ఉన్నాయి. ఇంత కిందున్న తీగకు ఆ ఓమ్‌లను నమ్మలేం.

బొమ్మ చూడాలి, అది ఒప్పుకుంటాను. నేను వద్దంటున్నది గీయడాన్ని. 4నెక్2లో 'ఎస్‌వై h=9' అనే వరుస పెట్టి (h అంటే ఎత్తు), 9 ఉన్నచోట h, 4 ఉన్నచోట h-5 రాయండి. తర్వాత 9ని 7 చేస్తే యాంటెన్నా మొత్తం దిగుతుంది. మౌసుతో అయితే ఒక్కో కొసనూ లాగాలి.

మేడమీదిమాస్టు:
ఎత్తు మార్చి చూడటానికి మీ పద్ధతే మేలు. మొదటి రోజుకి మాత్రం నా మాట మార్చుకోను.

కొత్తలైసెన్సు:
రాత్రి మూడు వరుసలూ రాసి బొమ్మ చూశాను, సరిగ్గా వచ్చింది. ఒక సందేహం. నా దగ్గరున్నది ప్లాస్టిక్ తొడుగున్న హౌస్ వైరు. అది ఎక్కడ చెప్పాలి?

రాగితీగ:
నెక్-2లో తొడుగుకు నేరుగా కార్డు లేదు. తొడుగుంటే లెక్కకన్నా తీగ కాస్త పొట్టిగా రావాలి. ముందు మూడు వరుసల తీగలూ కలిపి వచ్చే 20.14 మీటర్లూ ఉంచి కట్టండి. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తోందో తెలిపే అంకె) చూస్తూ రెండు కొసల్నీ సమానంగా మడుస్తూ రండి. అప్పుడే కత్తిరించకండి.

మేడమీదిమాస్టు:
ఇందులో ఇద్దరిదీ ఒకే మాట. ఎంత మడవాల్సి వచ్చిందో ఇక్కడ రాయండి.