హామ్ రేడియో 20 మీటర్ల బ్యాండ్‌లో యూరప్ అంతా వినిపిస్తోంది, నా పిలుపు మాత్రం ఎవరూ అందుకోవట్లేదు

కొత్త కాల్‌సైన్: మధ్యాహ్నం నుంచి కూర్చున్నా, తల పగిలిపోతోంది. సీక్యూ వరల్డ్ వైడ్ ఎస్ఎస్‌బీ కాంటెస్ట్, అంటే మైకులో మాట్లాడి వీలైనన్ని దేశాల హామ్‌లను కలిసే పోటీ, నడుస్తోంది కదా. ఇటలీ, స్పెయిన్, సెర్బియా వాళ్ళు పక్కింట్లోంచి మాట్లాడినట్టు వినిపిస్తున్నారు. గొంతు పోయేలా పిలిచినా ఒక్కడూ పలకట్లేదు. నా కళ్ళ ముందే కువైట్ వాడి పిలుపు అందుకున్నారు. ఎస్‌డబ్ల్యూఆర్ (ఆంటెన్నా నుంచి పవర్ వెనక్కొచ్చే లెక్క, 1 అయితే బెస్ట్) 1.2, అంతా కరెక్టుగానే ఉంది. ఎవరైనా చెప్పండి, అర్జెంట్.

రాగితీగ: రిగ్ (రేడియో సెట్టు) ఏది, పవర్ ఎంత, ఆంటెన్నా ఏది, ఎంత ఎత్తులో ఉంది? ఇవేవీ చెప్పకుండా జాతకం చెప్పమంటే ఎలా బ్రదర్?

పొట్టిమాట: ఆర్ఐటీ నాబ్ ఆఫ్ ఉందా?

మేడమీది ఏరియల్: ఎస్‌డబ్ల్యూఆర్ 1.2 అని సంబరపడే వాళ్ళను చాలామందిని చూశాను. డమ్మీ లోడ్‌కి (ఆంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) కూడా 1.0 వస్తుంది, దాంతో ఎన్ని దేశాలు మాట్లాడతారు? పాత కేబుల్ పవర్ తినేస్తున్నా మీటర్ ముచ్చటగానే చూపిస్తుంది. కనెక్టర్లో నీళ్ళు దిగాయేమో చూడండి. ఈసారి వానలు తక్కువ పడలేదు.

కొత్త కాల్‌సైన్: డైపోల్ సర్, మామూలు తీగ ఆంటెన్నానే. 50 వాట్లు, వీయూ3 (రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు) కదా. పొద్దున 40 మీటర్లలో మనవాళ్ళందరూ 59 (స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని) ఇచ్చారు. శ్రీలంక కూడా ఒకటి అయింది. కాబట్టి ఆంటెన్నా తప్పు కాదు. డీఎక్స్ (దూరదేశాలు) మాత్రం సున్నా.

మేడమీది ఏరియల్: ఎత్తు ఇంకా చెప్పలేదు. 40లో మనవాళ్ళకి వినిపించడానికి ఆంటెన్నా కిందున్నా చాలు, సిగ్నల్ నిటారుగా పైకెళ్ళి చుట్టుపక్కలే దిగుతుంది. యూరప్‌కి తక్కువ కోణంలో పోవాలి. 20 మీటర్ల డైపోల్ కనీసం 10 మీటర్ల ఎత్తులో, అంటే సగం తరంగదైర్ఘ్యం మీద ఉండాలి. నీళ్ళ ట్యాంకు పక్కన కర్రకి కట్టి యూరప్ కావాలంటే ఎలా?

డిట్‌డా మాస్టారు: అసలు సమస్య మైకు. ఎస్ఎస్‌బీ రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు తీసుకుంటుంది. సీడబ్ల్యూ (మోర్స్) సిగ్నల్ అందులో చిన్న ముక్క, అందుకే తక్కువ పవర్‌తోనూ దూరం పోతుంది. నవంబరు చివర్లో ఇదే కాంటెస్ట్ సీడబ్ల్యూలో వస్తుంది. ఈ లోపు మోర్స్ నేర్చుకోండి. మా రోజుల్లో అది రాకుండా పరీక్షకే పోయేవాళ్ళం కాదు.

రాగితీగ: మాస్టారూ, నడుస్తున్న కాంటెస్ట్ మధ్యలో మోర్స్ నేర్చుకోమంటారా?

లాగ్‌బుక్: కొత్త కాల్‌సైన్ గారూ, శ్రీలంక డీఎక్స్ కాదని ఎవరన్నారు? డీఎక్స్‌సీసీ (హామ్‌లు దేశాలు లెక్కపెట్టే) జాబితాలో అది వేరే ఎంటిటీ.

మేడమీది ఏరియల్: జాబితా సంగతి వేరు, దూరం సంగతి వేరు. కొలంబో కంటే ఇక్కణ్ణుంచి ఢిల్లీ దూరం!

లాగ్‌బుక్: దూరం కాదండీ, రూల్స్ చూడండి. ఈ కాంటెస్ట్‌లో వేరే ఖండం అయితే 3 పాయింట్లు, మన ఖండంలోనే వేరే దేశం అయితే 1, మన దేశం అయితే సున్నా. సున్నా అయినా మల్టిప్లయర్ (మొత్తం పాయింట్లను గుణించే అంకె) వస్తుంది కాబట్టి వీయూ (మన దేశపు) స్టేషన్‌ని కూడా వదలకూడదు. మన జోన్ నంబర్ 22 అని పంపుతున్నారా లేక సీరియల్ నంబర్ చెబుతున్నారా?

కొత్త కాల్‌సైన్: ఎవడైనా పలికితే కదా సర్ జోన్ చెప్పేది! 14.212 మెగాహెర్ట్జ్ మీద ఒక ఇటలీ వాడు ఖాళీగా అరుస్తున్నాడు, నేనొక్కణ్ణే పిలుస్తున్నా, అయినా వినడు. రిగ్ పాతది, సెకండ్‌హ్యాండ్. డిస్‌ప్లేలో ఫ్రీక్వెన్సీ పక్కన +0.85 అని చిన్న అంకె ఉంది, అది మామూలేనా?

పొట్టిమాట: మొదటే అడిగా. ఆర్ఐటీ.

రాగితీగ: మామూలు కాదు! నువ్వు వింటున్నది ఒకచోట, పంపుతున్నది 850 హెర్ట్జ్ పక్కన. ఆర్ఐటీ వినే ఫ్రీక్వెన్సీనే జరుపుతుంది, పంపేదాన్ని ముట్టుకోదు. ఎస్ఎస్‌బీలో అంత తేడా వస్తే నీ మాట వాళ్ళకి బాతు అరుపే. పొద్దున 40 తర్వాత నాబ్‌కి చెయ్యి తగిలుంటుంది. ముందు ఆర్ఐటీ ఆపు, తర్వాత మెయిన్ డయల్‌తో మళ్ళీ ట్యూన్ చెయ్యి.

మేడమీది ఏరియల్: అయినా ఎత్తు ఎత్తే.

కొత్త కాల్‌సైన్: ఇటలీ పడింది, స్లొవేనియా కూడా. థాంక్స్ అన్నా, మళ్ళీ వస్తా.

డిట్‌డా మాస్టారు: సీడబ్ల్యూలో అయితే ఇంకా ముందే పడేవి.

లాగ్‌బుక్: కాంటెస్ట్ అయిన అయిదు రోజుల్లోపు లాగ్ (మాట్లాడిన స్టేషన్ల జాబితా) పంపాలి, మర్చిపోకండి. ఇంతకీ ఎత్తు ఎంతో చెప్పారా?