మినీ ట్రాక్టర్, పనిముట్లు కలిపి అమ్మాలా, విడివిడిగానా?

నమస్కారమండి. మాది ఆనందపురం దగ్గర. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, నేనేమో గాజువాకలో ఉద్యోగం. అందుకే మా మినీ ట్రాక్టర్, మహీంద్రా జీవో 245 అమ్మేద్దామనుకుంటున్నాం. 24 హార్స్‌పవర్, ఫోర్ వీల్ డ్రైవ్. మీటర్ మీద 1,400 గంటలు తిరిగింది. కూరగాయల మడుల్లో, జీడి తోటలో చెట్ల మధ్య దున్నడానికే ఎక్కువగా వాడాం. దమ్ముకు తక్కువే దించాం కాబట్టి ముందు ఇరుసులోకి బురదనీళ్లు పోలేదు.

దాంతోపాటు నాలుగడుగుల రోటవేటర్, కల్టివేటర్, దమ్ము చక్రాలు, చిన్న ట్రాలీ ఉన్నాయి. రోటవేటర్ బ్లేడ్లు అరిగాయి. కొత్తవి వేసి అమ్మితే ఆ ఖర్చు తిరిగి వస్తుందా? షోరూమ్‌లో ఎక్స్ఛేంజ్ అడిగితే పనిముట్లకు దాదాపు విలువే కట్టలేదు, ఇనుము రేటే నయం. పెద్ద ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఇంత చిన్న రోటవేటర్ పనికిరాదు కదా, విడిగా పెడితే కొనేవాళ్లు దొరుకుతారా?

అసలు టెన్షన్ కాగితాల గురించి. లోన్ తీరింది, బ్యాంకు ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 (ఆర్సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం) చేతిలో ఉన్నాయి. ఆర్సీలో బ్యాంకు పేరు మాత్రం ఇంకా తీయించలేదు. ఒకాయన మాడుగుల నుంచి వచ్చి, డబ్బంతా ఇచ్చేస్తాను, పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇవ్వండి, పేరు తర్వాత మార్చుకుంటాను అంటున్నారు. ఆర్సీలో పేరున్నవారే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, రేపు యాక్సిడెంట్ అయితే మా మెడకే చుట్టుకుంటుంది. పేరు మారేదాకా కొంత అడ్వాన్స్ తీసుకుని బండి మా దగ్గరే ఉంచుకోవచ్చా? ట్రాలీకి వేరే నంబరు ఉంది, దానికి ట్రాన్స్‌ఫర్ విడిగా పెట్టాలా?

ఈమధ్య ఇటువైపు అమ్మినవాళ్లుంటే, బ్రోకర్‌కు ఎంత ఇచ్చారో కూడా చెప్పండి.