నాలుగు రకాల బ్లాక్ టీ ఆకు పక్కపక్కన పెట్టి రుచి చూడాలంటే కొలతలు ఎలా?

కెటిల్_పక్కన (ప్రశ్న)

నాలుగు రకాల విడి ఆకు ఉంది: అస్సాం సెకండ్ ఫ్లష్ (ఏడాదిలో రెండో కోత), డార్జీలింగ్ ఫస్ట్ ఫ్లష్ (మొదటి కోత), శ్రీలంక దింబుల (బీఓపీ, అంటే బ్రోకెన్ ఆరెంజ్ పెకో గ్రేడు), చైనా కీమున్. పాలూ చక్కెరా లేకుండా నాలుగూ ఒకేసారి పెట్టి తేడాలు పట్టుకోవాలి. ఇప్పుడు చేస్తున్న పద్ధతి: కప్పుకి ఒక టీస్పూన్ ఆకు, 150 మి.లీ. మరిగిన నీళ్లు, 4 నిమిషాలు, వడకట్టడం.

దింబుల నోరు పట్టేసేంత వగరుగా వస్తోంది. డార్జీలింగ్ పల్చగా ఉంది. కీమున్‌కీ అస్సాంకీ తేడా ఉన్నట్టే ఉంటుంది, అదేమిటో చెప్పమంటే మాట రాదు. మళ్లీ చేస్తే ఏది బాగుందన్న వరస మారిపోతోంది. ఇంకోటి, అస్సాం కప్పు చల్లారేసరికి మసకబారి కాస్త పాలు పడ్డట్టు తయారవుతోంది. అది నీళ్ల దోషమా, ఆకు దోషమా?

తూకం, వేడి, సమయం ఎలా బిగించాలో, ఏం గమనించి రాసుకోవాలో చెప్పండి. ప్యాకెట్ల మీద ఉండే పూలూ తేనే వర్ణనలు వద్దు.

తూకంరాయి

ముందు ఆ టీస్పూన్ పక్కన పెట్టండి, సగం గొడవ దానిదే. మెలితిరిగిన పొడుగు ఆకు ఒక టీస్పూన్‌లో గ్రాము, గ్రామున్నరకి మించి పట్టదు. బీఓపీ లాంటి చిన్న ముక్క అదే స్పూన్‌లో దానికి రెట్టింపు దాకా పడుతుంది. అంటే దింబుల కప్పులో ఆకు ఎక్కువ, డార్జీలింగ్ కప్పులో తక్కువ. పైగా ముక్క చిన్నదయ్యేకొద్దీ నీళ్లు తగిలే చోటు పెరిగి సారం త్వరగా దిగుతుంది. వగరూ పల్చదనమూ ఆ రెండు ఆకుల గుణం అని ఇప్పుడే తేల్చలేం.

టీ రుచి పరీక్ష కోసమే ఐఎస్ఓ 3103 అని ఒక ప్రమాణం ఉంది. 1980లో వచ్చింది, 2019లో సవరించారు. అది రుచిగా టీ పెట్టుకోవడానికి రాసింది కాదు, ఎవరు చేసినా అదే కప్పు మళ్లీ రావడానికి రాసింది. అందులో లెక్క: 100 మి.లీ.కి 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్లు, పింగాణీ పాత్ర, మూత పెట్టి 6 నిమిషాలు. మీ 150 మి.లీ.కి 3 గ్రాములు. తూకంలో తేడా 2 శాతం లోపు ఉండాలంటుంది, అంటే మీకు 0.06 గ్రా. గ్రాముల్లో మాత్రమే చూపించే వంటింటి తూకం ఇక్కడికి పనికిరాదు. 0.01 గ్రా. దాకా చూపించే చిన్న తూకం కావాలి.

ఆకు తీసే తీరు కూడా ముఖ్యమే. ప్యాకెట్ కదిలినప్పుడల్లా నలిగిన ముక్కా పొడీ అడుక్కి జారిపోతాయి, పెద్ద ఆకు పైన మిగులుతుంది. పైనుంచి తీస్తే ఒక టీ, అడుగునుంచి తీస్తే ఇంకో టీ. ఒక తెల్ల కాగితం మీద పది పదిహేను గ్రాములు ఒంపి, చేత్తో నలపకుండా కాగితం అంచులు ఎత్తి కలిపి, ఆ కుప్పలోంచి పైదీ అడుగుదీ కలిసేలా తీయండి. మీ వరస మారిపోవడానికి ఇది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు.

కప్పుల్ని వేడినీళ్లతో ముందే కాచుకోండి. మందపాటి చల్లని పింగాణీలో మరిగే నీళ్లు పోస్తే పది డిగ్రీలకు పైనే దిగిపోతుంది. నాలుగు కప్పులూ వరసగా నింపేస్తే చివరి కప్పుకి కెటిల్ కూడా చల్లబడి ఉంటుంది. కాబట్టి ఒక కప్పు నింపడం, నీళ్లు మళ్లీ తెర్లే దాకా పెట్టడం, మొదటి కప్పు నుంచి సరిగ్గా 30 సెకన్లకి రెండోది నింపడం. వంపేటప్పుడు కూడా అదే వరస, అదే 30 సెకన్లు. అప్పుడు ప్రతి ఆకూ సమానంగా నానుతుంది.

జాలీ గోళీలు (ఆకు లోపల పెట్టి నీళ్లలో ముంచేవి) వాడుతుంటే మానేయండి. పెద్ద ఆకు నానితే బాగా ఉబ్బుతుంది, గోళీలో ఇరుక్కుపోయి లోపలి ఆకుకి నీళ్లే తగలవు. ఆకు కప్పులో విడిగా వేసి మూత పెట్టండి, తర్వాత జల్లెడ మీదుగా వేరే తెల్ల కప్పులోకి చివరి చుక్క దాకా వంపండి. ఆఖర్న దిగేదే అన్నిటికంటే చిక్కన, అది ఒక కప్పులో పడి ఇంకో కప్పులో పడకపోతే పోలికకి అర్థం లేదు.

మెలిక_ఆకు

తూకం సంగతి అక్షరాలా నిజం. కానీ డార్జీలింగ్ ఫస్ట్ ఫ్లష్‌కి మరిగే నీళ్లు, 6 నిమిషాలు అంటే ఆకుకి అన్యాయం చేసినట్టే. ఆ ఆకుని నలిపే ముందు బాగా వాడ్చి తేమ చాలా తీసేస్తారు. దాంతో ఆక్సిడేషన్ (గాలి తగిలి ఆకు రంగు ముదిరే మార్పు) పూర్తిగా నడవదు, ఎండిన ఆకులోనే ఆకుపచ్చ ముక్కలు కనిపిస్తాయి. పేరుకి బ్లాక్ టీ గానీ నడక సగం గ్రీన్ టీది. మారకుండా మిగిలిన కాటెచిన్లు (పచ్చి ఆకులో ఉండే చేదు, వగరు పదార్థాలు) వేడికి ఒక్కసారిగా దిగి చేదు, వగరు రెండూ పైకి తేలుతాయి, వాసన వెనక్కి పోతుంది. 85 నుంచి 90 డిగ్రీలు, 3 నిమిషాలు ఇస్తే గానీ దాని అసలు రూపం కనపడదు.

దింబుల బీఓపీకి కూడా 6 నిమిషాలు ఎక్కువే. 3 నిమిషాలకే ఇవ్వాల్సింది చాలావరకు ఇచ్చేస్తుంది.

తూకంరాయి

@మెలిక_ఆకు తాగడానికైతే మీరు చెప్పిందే సరి. పోల్చడానికి కాదు. ఒక్కో ఆకుకి దానికి నచ్చిన వేడి, నచ్చిన సమయం ఇచ్చుకుంటూ పోతే, చివరికి మనం పోల్చేది ఆకుల్నా, మన పద్ధతుల్నా? ఆరు నిమిషాల కప్పు పరుషంగానే ఉంటుంది, ఉండాలి కూడా. ఆకులో లోపం ఉంటే దాక్కోవడానికి దానికి చోటు మిగలదు. రెండు విడతలుగా చేస్తే పేచీ ఉండదు. మొదటి విడత అన్నిటికీ ఒకే కొలత, గుణాలు రాసుకోవడానికి. రెండో విడత దేనికి తగ్గట్టు దానికి, ఏది తాగాలో తేల్చుకోవడానికి. రెండు విడతల నోట్సు మాత్రం కలపొద్దు.

ఉప్పునీరు_తీపినీరు

నీళ్ల గురించి రెండు ముక్కలు. కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లలో బ్లాక్ టీ ముదురుగా, మొద్దుగా వస్తుంది, పైన సన్నని పొర తేలి కప్పు అంచుకి గోధుమరంగు గీతలా అంటుకుంటుంది. ఖనిజాలు పూర్తిగా తీసేసిన నీళ్లలో రంగు తేటగా ఉంటుంది గానీ రుచి బోసిగా ఉంటుంది. మధ్యస్థంగా, మెత్తగా ఉన్న తాగునీరు ఒకటి ఎంచుకుని నాలుగు కప్పులకీ, వచ్చేసారికీ అదే వాడండి. నీళ్లు మారితే పాత నోట్సుతో పోల్చకండి.

కెటిల్_పక్కన

స్పూన్ సంగతి అర్థమైంది, చిన్న తూకం తెప్పిస్తాను. ఇక నోటి సంగతి. మూడో కప్పుకే నాలుక మొద్దుబారి, ఆ తర్వాత అన్నీ వగరుగానే అనిపిస్తున్నాయి. అస్సాం, కీమున్ విడదీయాలంటే దేని మీద దృష్టి పెట్టాలి? తేడా నిజంగా తెలుస్తోందో, పేరు ముందే తెలుసు కాబట్టి అలా అనిపిస్తోందో ఎలా తేల్చుకోవాలి?

వగరు_లెక్క

వగరు రుచి కాదు, స్పర్శ. టీలోని పాలీఫినాళ్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి, నోటికి జిడ్డు పోయి చిగుళ్లూ బుగ్గల లోపలి పక్కా గరుకుగా బిగుసుకుంటాయి. ఇది కప్పు తర్వాత కప్పు పేరుకుపోతుంది. అందుకే మూడో కప్పు ఏదైనా సరే వగరే. మింగకుండా ఉమ్మేయండి, గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించండి, కప్పుకీ కప్పుకీ మధ్య నోట్లో మళ్లీ నీరూరే దాకా, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. తేలిక నుంచి చిక్కనికి వెళ్లండి: డార్జీలింగ్, కీమున్, దింబుల, అస్సాం. తర్వాత అదే వరస వెనక నుంచి మొదలుపెట్టి ఇంకోసారి. రెండుసార్లూ ఒకే మాట రాస్తే దాన్ని నమ్మొచ్చు. లాప్సాంగ్ సూచాంగ్ లాంటి పొగబెట్టిన టీ ఎప్పుడైనా చేరిస్తే అది చివర్నే, దాని తర్వాత ఇంకేదీ తెలియదు.

పొగలు కక్కే కప్పు రుచి చూడకండి. 60 డిగ్రీల దగ్గర ఒకసారి, గోరువెచ్చగా అయ్యాక ఇంకోసారి. లోపాలు బయటపడేది రెండోసారే. స్పూన్‌తో తీసుకుని గాలితో సహా సర్రున జుర్రాలి, సిగ్గుపడితే కుదరదు. ఆ గాలితోనే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకి చేరుతుంది.

ఇక అస్సాం, కీమున్. ముక్కు మూసుకుని రెండూ జుర్రండి. అప్పటికీ తెలిసే తేడా నోటిది: అస్సాం నాలుక మీద బరువుగా పరుచుకుంటుంది, వగరు బుగ్గల్ని గట్టిగా పట్టుకుంటుంది. కీమున్ నున్నగా, వగరు తక్కువగా జారిపోతుంది. ఇప్పుడు ముక్కు వదలండి. కొత్తగా వచ్చి చేరేదే వాసన: అస్సాంలో వేయించిన మాల్టు లాంటిది, కీమున్‌లో గులాబీ వైపు తిరిగే తీపి వాసన, వెనకాల కోకో ఛాయ. కీమున్‌లో జెరానియోల్ అనే సువాసన పదార్థం ఎక్కువ, గులాబీ నూనెలో ఉండేది కూడా అదే. పూల మాట వద్దన్నారు గానీ, ఇక్కడ అది వర్ణన కాదు, రసాయనం.

పేరు తెలియడం వల్ల అనిపిస్తోందా అన్నదానికి మూడు కప్పుల పరీక్ష ఉంది. ఒకే రకం కప్పులు మూడు, రెండింట్లో ఒక టీ, మూడో దాంట్లో రెండోది. గుర్తులు అడుగున రాసి, వరస ఇంకొకరు మార్చాలి. విడిగా ఉన్నదేదో మీరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు తగులుతుంది, కాబట్టి ఒక్కసారి సరిపోదు. అయిదు విడతల్లో నాలుగు లేదా అయిదు సరిగ్గా చెబితే, అది ఊహతో తగిలే అవకాశం 5 శాతం లోపే (243లో 11). రంగు చూసి కనిపెట్టేస్తారనుకుంటే దీపం తగ్గించండి, లేదా లోపల ముదురు రంగున్న కప్పులు వాడండి.

మెలిక_ఆకు

అస్సాం మసకబారడం గురించి ఎవరూ చెప్పలేదు. అది దోషం కాదు. చల్లారేకొద్దీ కెఫీనూ, థియాఫ్లావిన్ల లాంటి పాలీఫినాళ్లూ జతకట్టి కరగకుండా మిగిలిపోతాయి, అందుకే ఆ మీగడ రంగు. టీ రుచి చూసేవాళ్లు దాన్ని క్రీమ్ అంటారు, సారం బలంగా ఉందనడానికి గుర్తుగానే చూస్తారు. మళ్లీ వేడి చేస్తే తేటపడుతుంది. అలా తేటపడకుండా పైన పొరలా తేలుతూ ఉంటే అది వేరే సంగతి, నీళ్ల గట్టిదనం.

ఇంకో మాట, వంపేశాక ఆకు పారేయకండి. తడి ఆకుని మూత మీదకి తిరగేసి, కిటికీ దగ్గర వెలుగులో చూడండి. అస్సాం, దింబుల ఆకు కొత్త రాగి రంగులో మెరవాలి. అలా ఉంటే కప్పులో కూడా చురుకు ఉంటుంది. నల్లబడి మొద్దుగా ఉంటే ఆక్సిడేషన్ ఎక్కువైంది, లేదా ఆరబెట్టేటప్పుడు వేడి చాలక ఉడికింది, కప్పు చప్పగా ఉంటుంది. మాడిన వాసన ఉంటే డ్రయ్యర్ వేడి ఎక్కువైందని. అక్కడక్కడా పచ్చటి ముక్కలుంటే, ఫస్ట్ ఫ్లష్‌లో అది మామూలే, అస్సాంలో మాత్రం తయారీ అసమానంగా జరిగిందని. కాగితం, అట్టపెట్టె లాంటి వాసన వస్తే ఆకు పాతబడి తేమ పట్టింది. ఆ ఆకుతో ఏ పోలికా చేయకండి.

రాసుకోవడానికి అయిదు గడులు చాలు: ఎండు ఆకు, తడి ఆకు వాసన, కప్పు రంగు (ముదురా లేతా కాదు, మెరుపు ఉందా లేదా), నోట్లో బరువు, వగరు ఎక్కడ పట్టింది, ఎంతసేపుంది. మార్కులు వేయకండి. మార్కులు మొదలుపెడితే అన్నీ పదికి ఏడు దగ్గర చేరతాయి.

కెటిల్_పక్కన

ఈ నాలుగూ అయ్యాక ఏం తెప్పించాలి? సెకండ్ ఫ్లష్ డార్జీలింగ్, ఊవా (శ్రీలంకలోనే ఇంకో ప్రాంతం టీ) అనుకుంటున్నాను.

తూకంరాయి

రెండూ మంచివే, కానీ జతలుగా తెప్పించండి. మీ నాలుగింట్లో మొక్క రకం, ప్రాంతం, కోత కాలం, గ్రేడు అన్నీ వేరు. తేడా తెలిసినా దేనివల్లో తెలియదు. ఒకే తోట డార్జీలింగ్‌లో ఫస్ట్ ఫ్లష్ (ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్), సెకండ్ ఫ్లష్ (మే, జూన్) పక్కపక్కన పెడితే కాలం చేసే పని తెలుస్తుంది. సెకండ్ ఫ్లష్‌లో వచ్చే ఆ పండిన ద్రాక్ష వాసన వెనక ఆకుని కుట్టే చిన్న పురుగుల హస్తం ఉంది, కుట్టినచోట మొక్క తన రక్షణకి కొన్ని సువాసన పదార్థాలు తయారు చేస్తుంది. దింబులలో బీఓపీ, ఓపీ (ఆరెంజ్ పెకో, ముక్క చేయని పొడుగు ఆకు) రెండూ తీసుకుంటే ముక్క పరిమాణం తెలుస్తుంది, ఆరెంజ్ అన్న పేరు చూసి నారింజ రుచి కోసం వెతకొద్దు. అస్సాం ఆర్థడాక్స్ (ఆకుని మెలితిప్పి చేసేది) పక్కన అస్సాం సీటీసీ (యంత్రంలో నలిపి, చింపి, గుళికలుగా చేసేది) పెట్టండి, సీటీసీ కప్పు రంగులో, చిక్కదనంలో ముందుంటుంది, వాసనలో వెనకబడుతుంది.

ఊవా తీసుకుంటే జూలై నుంచి సెప్టెంబరు మధ్య కోసినదే అడగండి. ఆ నెలల పొడిగాలికే దాని అసలు వాసన, నొప్పుల బామ్‌లో ఉండే మిథైల్ సాలిసిలేట్ ఛాయ. వేరే నెలల ఆకులో అది వెతికి లేదనుకుంటే లాభం లేదు. దింబులకి మంచి కాలం జనవరి నుంచి మార్చి.

కొత్త ప్యాకెట్లు వచ్చాక ఒక్కో దాంట్లోంచి 20 గ్రాములు చిన్న రేకు డబ్బాల్లోకి తీసి, కోసిన నెల అంటించి, గాలి చొరకుండా మూయండి. పొగ టీ డబ్బా మాత్రం వేరే అల్మరాలో.